పడవ బొమ్మ నొక్కితే

అమీర్‌పేట,
జూన్ 8, 2003.

అత్తయ్యగారికి,

జాయ్సీ వందనాలు. హాస్టల్లో నా గదివాళ్ళంతా సినిమాకి పోయారు. ఇంత నిశ్శబ్దం మళ్ళీ దొరకదని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కవర్లో ఒక సిడి ఉంది, జాగ్రత్త. దాని మీద కాఫీ గ్లాసు పెట్టకండి. మీ ఇంట్లో అందరికీ అదే అలవాటు.

మీ సండేస్కూలు పిల్లల కోసం నేనొక పాఠం తయారుచేశాను. తెర మీద బొమ్మలుంటాయి. పడవ, ఇల్లు, దీపం, గొర్రె, ఇలాంటివి. బాణం గుర్తుని బొమ్మ మీదికి తెచ్చి నొక్కితే నా గొంతు ఆ మాట పలుకుతుంది, కింద తెలుగులో ఆ మాట కనబడుతుంది. పిల్లలు చూడాలి, వినాలి, వల్లె వేయాలి. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారికి నేను చెప్పడమేంటి!

లారీలో పంపిన కంప్యూటర్ని మీరు దుప్పటి కప్పి మూలన పెట్టారని మీ వీధి ఏసుబాబు తన ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసినప్పుడు చెప్పాడు. ఆ దుప్పటి తీయండి అత్తయ్యా. యూసుఫ్‌గూడ గది ఖాళీ చేసేటప్పుడు దాన్ని నా దగ్గర ఉంచుకోలేకపోయాను. ఆయన వేళ్ళ మరకలు కీబోర్డు మీద అలాగే ఉన్నాయి. మీరు పిల్లలకి వాడితే అది ఒక వస్తువు అవుతుంది. నా దగ్గరుంటే సమాధి అయ్యేది.

ఆయన పాఠాలు చెప్పిన ల్యాబ్‌లోనే నేనిప్పుడు క్లాసులు చెబుతున్నాను. ఆయన పోయి ఏడాది కావస్తున్నా స్టూడెంట్లు దాన్ని జెరెమియా సార్ ల్యాబ్ అనే అంటారు. తలుపు మీద పేరు కూడా తీయలేదు. మా ఇన్‌స్టిట్యూట్ ఓనర్ రాజనర్సయ్య గారిని అడిగితే "ఉండనియ్ మేడం, పేరే కదా, ఏం బరువైతుంది?" అన్నాడు. ఆయనకేం, రోజూ ఆ తలుపు తోసేది నేను.

మీ కోడలు,
జాయ్సీ


చీరాల,
జూన్ 19.

జాయ్సీకి,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. దుప్పటి తీశాను. ఏసుబాబు వచ్చి వైర్లు కలిపి పోయాడు. నీ పాఠం తెరిచాను. బొమ్మలు ముద్దుగా ఉన్నాయి, గొర్రె అచ్చం మా పాస్టరుగారే. కానీ కింద తెలుగు అన్నావు చూడు, అది తెలుగా అమ్మాయ్? డాలరు గుర్తులూ, తోకలున్న సున్నాలూ, విరిగిన కొక్కేలూ. ముప్పై ఏళ్ళు పిల్లలకి అక్షరాలు దిద్దించిన దాన్ని, ఇంత చండాలమైన దస్తూరీ ఎక్కడా చూడలేదు.

గొంతూ లేదు, గింతూ లేదు. నొక్కి నొక్కి వేలు నొప్పి. పిల్లలు "టీచర్, గొర్రె చచ్చిపోయిందా?" అని అడిగారు.

నువ్వే వచ్చి పెట్టి పోవచ్చుగా? వాడి జ్ఞాపకార్థ కూడిక అయిపోయిన మర్నాడు రైలెక్కావు, మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు. నేనేమీ అనను. ఫోన్ చేద్దామన్నా నా ఇంట్లో ఫోన్ లేదు, నీకు తెలుసు. వాడు పోయిన కబురు విన్న రిసీవరు ఎదురుగా ఉంటే ముద్ద దిగేది కాదు, తీయించేశాను. ఉత్తరాలే నయం. వీటికి అర్ధరాత్రి మోగడం చేతకాదు.

రూతమ్మ


అమీర్‌పేట,
జూన్ 27.

అత్తయ్యగారికి,

తప్పు నాదే, చెంపలేసుకుంటున్నాను. ఇక్కడ నా కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా కనబడింది కదాని అక్కడా కనబడుతుందనుకున్నాను. తెలుగు అక్షరాల రూపాలు పాఠంలో ఉండవు, కంప్యూటర్‌లో ఉంటాయి. మీ దాంట్లో ఆ ఫాంట్ లేదు కాబట్టి అది చేతికందిన గుర్తులు పెట్టేసింది. స్టూడెంట్లు ఈ తప్పు చేస్తే నేనే తిడతాను. ఆ ఫాంట్ ఈ ఫ్లాపీలో పంపుతున్నాను, ఏసుబాబుతో పెట్టించండి.

గొంతు రాకపోవడానికి కారణం ఇంకా చిన్నది. స్పీకర్ల పచ్చ పిన్ను వెనకాల పచ్చ రంధ్రంలోకి దూర్చాలి. లారీ కుదుపులకి ఊడి ఉంటుంది.

రమ్మంటున్నారు. వస్తాను. ఇప్పుడు కొత్త బ్యాచ్‌లు, అమీర్‌పేటలో నడవడానికి చోటు లేదు. ఫుట్‌పాత్ నిండా ఫైళ్ళు పట్టుకున్న పిల్లలు, చేతిలో పాంప్లెట్లు కుక్కే వాళ్ళు. కాస్త తీరిక చేసుకుని వస్తాను.

జాయ్సీ


చీరాల,
జూలై 6.

జాయ్సీకి,

అక్షరాలు వచ్చాయి. పచ్చ పిన్ను పెట్టాను.

నీ గొంతు అన్నావు. ఏ గొంతు పంపావు నువ్వు?

గుడిలో ఆరాధన అయ్యాక వచ్చి, పిల్లలకి చూపించే ముందు నేనొకసారి చూసుకుందామని కూర్చున్నాను. పడవ బొమ్మ నొక్కాను. జెరెమియా "రా" అన్నాడు.

నా కొడుకు, జాయ్సీ. నా కడుపున పుట్టినవాడి గొంతు నాకు తెలియదా? ఆజ్ఞ వేసినట్టు కాదు. వాడెప్పుడూ ఏ మాటైనా చివర కాస్త పైకెత్తి వదులుతాడే, అడుగుతున్నట్టు, అచ్చంగా అలా. బొమ్మ కింద పడవ అని రాసి ఉంది. వాడు మాత్రం రా అంటున్నాడు.

మళ్ళీ నొక్కాను. మళ్ళీ పిలిచాడు.

నువ్వు తెలిసి చేశావా? తెలిసి చేస్తే చెప్పు. తెలియక చేస్తే అదీ చెప్పు. వెంటనే రాయి.

రూతమ్మ


అమీర్‌పేట,
జూలై 12.

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం ల్యాబ్‌లో చదివాను. చదివి, క్లాసు మధ్యలో ఆపేసి బయటికి వచ్చేశాను.

నేనేమీ చేయలేదు. ఒట్టు. ఆ పాఠంలో పలికింది నేనే. మళ్ళీ నా కంప్యూటర్‌లో విన్నాను, పడవ నొక్కితే నా గొంతు పడవ అనే అంటోంది. తర్వాత అదే సిడి పక్క కంప్యూటర్‌లో పెట్టాను. చప్పుడు లేదు. ఇంకో దాంట్లో పెట్టాను. అదీ మూగే. అప్పుడు తెలిసింది. అక్షరాల విషయంలో చేసిన తప్పే గొంతు విషయంలోనూ చేశాను. గొంతు ఫైళ్ళు పాఠంలోకి ఎక్కనే లేదు, నా కంప్యూటర్‌లోనే ఉండిపోయాయి. పాఠానికి వాటి అడ్రసు మాత్రమే తెలుసు.

అంటే అత్తయ్యా, మీ దగ్గర అసలు ఏ గొంతూ రాకూడదు.

కోప్పడకండి. మీరు ఒక్కరే ఉంటున్నారు. ఏడాది దగ్గరపడుతోంది. బీపీ మాత్రలు వేసుకుంటున్నారా? ఒకసారి డాక్టరుకి చూపించుకోండి. పాస్టరమ్మగారిని నాలుగు రోజులు మీ ఇంట్లో పడుకోమనండి.

ఇంకో మాట రాయాలా వద్దా అని చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. నాకు ఆయన గొంతు గుర్తు రావడం లేదు. ముఖం గుర్తుంది, నడక గుర్తుంది, అన్నం కలిపే తీరు గుర్తుంది. గొంతు పోయింది. పెళ్ళి వీడియోలో కూడా మొత్తం బ్యాండు మోతే. మీరు వినిపించిందని రాస్తే నాకు భయమూ వేసింది, కుళ్ళూ పుట్టింది. మీకు వినిపించి నాకెందుకు వినిపించదు? మీ ఇంటికి రాలేకపోయింది కూడా అందుకే. మీ ముఖంలో ఆయన ఉన్నారు. ముఖం ఉండి గొంతు లేకపోతే నేను తట్టుకోలేను.

గొంతు ఫైళ్ళతో సహా కొత్త సిడి చేసి కొరియర్‌లో పంపుతాను. ఇక్కడ సిడి రాసే మిషను పాడైంది, బాగవగానే పంపుతాను.

జాయ్సీ


చీరాల,
జూలై 21.

జాయ్సీకి,

నాకు పిచ్చెక్కిందని రాశావు. మర్యాదగా రాశావులే, అయినా అర్థం అదే. డాక్టరూ వద్దు, పాస్టరమ్మా వద్దు. ఆవిడ గురక ముందు ఏ గొంతూ వినపడదు.

నాకొక్కదానికే వినిపిస్తోందనుకుంటున్నావా? పిల్లలకీ వినిపిస్తోంది. ఆదివారం కిటికీలోంచి విని లోపలికి దూరారు. అన్ని బొమ్మలూ వాళ్ళే నొక్కారు. ఇల్లు నొక్కితే కూర్చో అంటాడు. దీపం నొక్కితే లే అంటాడు. గొర్రె నొక్కితే తిను అంటాడు. పిల్లలు పడీ పడీ నవ్వి, వాడు ఎలా అంటే అలా వల్లె వేస్తున్నారు. నేను చెబితే ఇంత శ్రద్ధగా ఏనాడూ వల్లె వేయలేదు. ఇప్పుడు రోజూ బడి వదలగానే వచ్చి వాలుతున్నారు. చివరి రెండు బొమ్మలు మాత్రం మూగ.

వాళ్ళు వెళ్ళాక నేను పడవ ఒక్కటే నొక్కుకుంటాను. మిగతావి నాక్కాదు. ఆ ఒక్కటీ నాకే.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. తిను అన్నప్పుడు వాడి వెనకాల కుక్కర్ కూత వినిపిస్తుంది. పరలోకంలో కుక్కర్లుంటాయా? పాస్టరుగారిని అడుగుదామనుకుని మానేశాను.

మాత్రలు వేసుకోవడం మానేసిన మాట నిజమే. పిలుస్తున్నప్పుడు మాత్రలెందుకు? నా గురించి బెంగ పెట్టుకోకు. నేను చాలా రోజుల తర్వాత సంతోషంగా ఉన్నాను.

రూతమ్మ


(కొరియర్ కవరులో చీటీ)

పంజాగుట్ట,
జూలై 22.

అత్తయ్యగారికి,

కొరియర్ ఆఫీసులో నిలబడి రాస్తున్నాను. వాన. ఇన్నాళ్ళూ ఈ చౌరస్తా ఎదురుపడకుండా సందుల్లోంచి తిరిగేదాన్ని. బండి జారి ఆయన పోయిన చోటు చూడకూడదని. ఈరోజు తప్పలేదు. బస్సులు పోతూనే ఉన్నాయి, మనుషులు పోతూనే ఉన్నారు. అక్కడ ఏమీ లేదు.

కొత్త సిడిలో "మాట" అని ఒక ఫోల్డరు ఉంది. దాన్ని డి డ్రైవులో పెట్టండి. పాతవాటి మీద పెట్టాలా అని అడిగితే అన్నిటికీ యెస్ నొక్కండి. దాంతో నా గొంతు సరిగ్గా వస్తుంది.

జాయ్సీ


అమీర్‌పేట,
జూలై 26.

అత్తయ్యా,

యెస్ నొక్కకండి. కాళ్ళు పట్టుకుంటాను, కొత్త సిడి పెట్టకండి, కంప్యూటర్ ముట్టుకోకండి.

మీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. కుక్కర్ కూత దగ్గర ఆగిపోయాను. మీకు పిచ్చి లేదు. పిచ్చిదాన్ని నేను.

అది ఆయన గొంతే. యూసుఫ్‌గూడ గదిలో వేసవిలో రికార్డు చేశారు. వీధి గోల పడకూడదని దుప్పటి ముసుగేసుకుని, మైకు నోటి దగ్గర పెట్టుకుని, చెమటలు కక్కుతూ. బోరబండలో ఒక చిన్న బడి వాళ్ళు చేతల మాటలతో పాఠం అడిగారు. రా, కూర్చో, లే, తిను, ఇలాంటివి. నేను పప్పు పెట్టాను, కుక్కర్ కూసింది. "నీ పప్పు నా పాఠంలో పడింది" అని నవ్వారు. మళ్ళీ చెప్పమంటే చెప్పలేదు. పాఠం సగంలోనే ఆగిపోయింది, అందుకే మీ చివరి రెండు బొమ్మలు మూగ.

గొంతు ఫైళ్ళని డి డ్రైవులో మాట అనే ఫోల్డరులో పెట్టి ఒకటి, రెండు, మూడు అని నంబర్లివ్వడం నాకు నేర్పింది ఆయనే. నేనూ అలాగే పెట్టాను. నా పాఠం మీ దగ్గరికి వచ్చి, ఆ అడ్రసుకి పోయి తలుపు తట్టింది. అక్కడ ఆయన ఉన్నారు. నా మొదటి బొమ్మ పడవ, ఆయన మొదటి మాట రా. అంతే అత్తయ్యా. ఆయన మిమ్మల్ని పిలవడం లేదు. ఎవరో పిల్లల్ని పిలుస్తున్నారు. మాత్రలు వేసుకోండి.

ఆ ఫైళ్ళు లోకంలో మీ కంప్యూటర్‌లో తప్ప ఎక్కడా లేవు. కొత్త సిడి వాటి మీద కూర్చుంటే ఆయన పూర్తిగా పోతారు.

నేనే బయల్దేరేదాన్ని. ఆ రోజు వానలో తడిసినప్పటి నుంచి జ్వరం, టైఫాయిడ్ అన్నారు. లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. హాస్టల్లో వంట చేసే మంగవ్వ దిండు పక్కనే కూర్చుంది. "ఏందమ్మా గా రాసుడు, జర పండుకో" అని తిడుతోంది. ఏసుబాబు బూత్‌కి పొద్దుటి నుంచి ఆమె చేతే ఫోన్ చేయిస్తున్నాను, మోగుతూనే ఉంది. దీన్ని ఆమే స్పీడ్ పోస్టులో వేస్తుంది. కొరియర్ కంటే ముందు చేరాలని ప్రార్థన చేస్తున్నాను.

నాకు ఒక్కసారి వినాలని ఉంది. ఒక్కసారి.

జాయ్సీ


చీరాల,
ఆగస్టు 3.

అమ్మా జాయ్సీ,

కొరియర్ ముందు వచ్చింది. నీ ఉత్తరం నాలుగు రోజుల తర్వాత వచ్చింది. ఏసుబాబు వాళ్ళ అత్తగారి ఊరెళ్ళి బూత్ మూశాడు. నేను యెస్ నొక్కేశాను.

వారం నుంచి ఈ ఉత్తరం ఎలా రాయాలో తెలియక ఊరుకున్నాను. నీకు రాయనిది ఒకటుంది. మొదట అది రాస్తాను. పోయిన ఉత్తరం పోస్టు చేసిన మర్నాడు సాయంత్రం ఆటో కట్టించుకుని వాడరేవు వెళ్ళాను. పడవ బొమ్మ కదా, రా అన్నాడు కదా. చెప్పులు ఒడ్డున విడిచి సముద్రంలోకి దిగాను. మోకాళ్ళు దాటాయి. చల్లగా, హాయిగా ఉంది. వలలు లాగే వాళ్ళు చూసి కేకలేశారు. ఒకామె వచ్చి జబ్బ పట్టుకుని ఈడ్చుకొచ్చి "ఏం ముసలమ్మా, ఇంట్లో ఎవరూ లేరా?" అని కసిరింది. అప్పుడు భయమేసింది. ఇంకొక్కసారి ఆ మాట వింటే మళ్ళీ వెళ్ళిపోతానని నాకు తెలుసు.

ఆ తర్వాత నీ సిడి వచ్చింది. పెట్టాను. తెర మీద డబ్బా వచ్చి పాతదాని తేదీ, కొత్తదాని తేదీ చూపించి, మార్చాలా అని అడిగింది. పాతదాని మీద పోయినేడు ఏప్రిల్ అని ఉంది. వాడు బతికున్న తేదీ. అప్పుడే అర్థమైంది, ఇది పిలుపు కాదు, పాత గొంతని. నీ సిడిలోనే వచ్చింది కదా, అసలుది నీ దగ్గరే ఉంటుంది, నీకు తెలియకుండా ఎక్కడో పడి ఉంటుంది, వెతుక్కుంటావులే అనుకున్నాను. బతకాలనిపించింది జాయ్సీ. నొక్కాను.

ఏసుబాబు రాగానే అంతా వెతికించాను. లేదన్నాడు. నీకు కావలసింది ఒక్కసారి వినడం. అది నా చేత్తో చెరిపాను. నన్ను తిట్టు, పడతాను. మాత్రలు వేసుకుంటున్నాను.

ఇక ఇది విను. వాడరేవు నుంచి వచ్చాక పిల్లల్ని ఆదివారం తప్ప రావద్దన్నాను. ఆ తర్వాతి ఆదివారం పిల్లలు వచ్చారు. గొర్రె నొక్కారు. నీ గొంతు చక్కగా గొర్రె అంది. ఎవరూ అనలేదు. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని, అందరూ ఒక్కసారిగా తిను అన్నారు. చివర కాస్త పైకెత్తి, అడుగుతున్నట్టు. ఒక పిల్ల నోటితో కుక్కర్ కూత కూడా వేసింది. గొంతు వాళ్ళదే, చిన్న పిల్లల గొంతు. కానీ ఆ తీరు ఇంకెవరిదీ కాదు. వాడు ఆ గదిలో ఉన్నాడు.

ఈరోజు మళ్ళీ వచ్చారు. గొర్రె నొక్కగానే సగం మంది గొర్రె అనేశారు. కూత వేసే పిల్ల కూడా.

పిల్లలు కదా, కొత్తది నేర్చుకుంటే పాతది వదిలేస్తారు. వాళ్ళకి నేను నేర్పించిందీ అదే. ఇంకో రెండు వారాలు, మహా అయితే మూడు. జ్వరం తగ్గిందా అమ్మా?

రూతమ్మ


అమీర్‌పేట,
ఆగస్టు 6.

అత్తయ్యా,

మిమ్మల్ని తిట్టడానికి చాలా మాటలు వెతికాను. నీళ్ళలో మీ మోకాళ్ళు కళ్ళముందు మెదిలి ఒక్కటీ రాలేదు. ఆ ఈడ్చుకొచ్చిన ఆమె ఎవరో నాకు చూపించండి, దండం పెట్టుకుంటాను.

జ్వరం తగ్గింది, నీరసం ఉంది. డాక్టరు వద్దన్నాడు, మంగవ్వ అయితే చెప్పులు దాచేసింది. అయినా శనివారం రాత్రి బండెక్కుతున్నాను. ఆదివారం పిల్లలు వచ్చేలోపు మీ గుమ్మంలో ఉంటాను. బండి ఆలస్యమైతే అని ముందే ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేయిస్తున్నాను.

నేను వచ్చేదాకా కంప్యూటర్ పెట్టకండి. నా గొంతు వాళ్ళకి వినిపించకండి.

జాయ్సీ